మూడో అభ్యర్థికి వేస్తే ఓటు మురిగిపోతుందా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. రెండు పెద్ద పార్టీల అభ్యర్థులూ మీకు నచ్చలేదు. ఒకరి మీద కేసులున్నాయి, ఇంకొకరు నామినేషన్లకు నెల ముందు పార్టీ మారి వచ్చి టికెట్ తెచ్చుకున్నారు. చిన్న పార్టీ తరఫున నిలబడ్డ లాయర్ గారి మీద మీకు నమ్మకం ఉంది. కిందటిసారి మీ నియోజకవర్గంలో మొదటి స్థానానికీ రెండో స్థానానికీ 26 వేల ఓట్ల తేడా, ఈ చిన్న పార్టీకి వచ్చింది 8 శాతం. ఇంట్లో నాన్నగారు "గెలవనివాడికి వేస్తే ఓటు మురిగిపోయినట్టే" అంటున్నారు, మీకు మాత్రం ఆ ఇద్దరిలో ఎవరికి నొక్కినా తర్వాత బాధపడతానేమో అని టెన్షన్.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఎన్నికల పని చేస్తున్నాను. మొదట్లో పెద్ద పార్టీకి పోలింగ్ ఏజెంట్‌గా కూర్చున్నాను, తర్వాత చిన్న పార్టీల కోసం ఇంటింటికీ తిరిగాను, కౌంటింగ్ బల్లల దగ్గర తెల్లవారుజాము నుంచి కాగితం పెన్నూ పట్టుకుని నిలబడ్డాను. ఓడిపోవడమే ఎక్కువసార్లు చూశాను. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీరిచ్చిన లెక్కలు నిజమైతే మీ ఓటు లాయర్ గారికే వేయండి. అయితే ఇదే ప్రశ్న పక్క నియోజకవర్గం నుంచి ఇంకొకరు అడిగితే నేను వేరే జవాబు చెప్పే అవకాశం ఉంది. ఎందుకో చెప్తాను.

ముందు నాన్నగారి మాట సంగతి చూద్దాం. గెలవని అభ్యర్థికి వేసిన ఓటు మురిగిపోయినట్టే అయితే, కిందటిసారి రెండో స్థానంలో వచ్చినాయనకు పడ్డ ఓట్లన్నీ మురిగిపోయినట్టే కదా. గెలిచినాయనకు అవసరానికి మించి పడ్డ 26 వేల ఓట్లు కూడా అంతే, అవి లేకపోయినా ఆయన గెలిచేవాడు. మరి వాళ్లెవరినీ ఎవరూ అలా అనరు. ఒక్క ఓటుతో ఫలితం తేలడం జరగదని కాదు, 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నాయకుడు సీపీ జోషీ సరిగ్గా ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. కానీ అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మామూలుగా మన ఒక్కరి ఓటు ఎవరినీ గెలిపించదు, ఓడించదు. అది ఏ కుప్పలో చేరుతోంది, ఆ కుప్పను రేపు ఎవరు చూస్తారు, చూసి ఏం చేస్తారు అన్నదాన్ని బట్టే దాని విలువ. ఇది ఒక్కటి నాన్నగారితో ప్రశాంతంగా మాట్లాడగలిగితే సగం గొడవ తీరిపోతుంది.

ఇక అసలు చిక్కు. ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్లే గెలిచినట్టు అనే పద్ధతి ఉన్నచోట పోటీ నెమ్మదిగా రెండు పార్టీల మధ్యకే కుంచించుకుపోతుంది. ఫ్రాన్స్‌కు చెందిన మారిస్ డ్యువర్జే అనే రాజనీతి శాస్త్రవేత్త డెబ్బై ఏళ్ల కిందటే దీన్ని రాసి పెట్టాడు. ఆయన చెప్పింది రెండు రకాల దెబ్బ. ఒకటి లెక్కలో తగిలేది: మూడో పార్టీకి ఓట్లు వచ్చినా సీట్లు రావు. రెండోది జనం మనసులో తగిలేది: ఎలాగూ రావని ముందే అనుకుని ఓట్లు కూడా వేయరు. ఈ రెండోదాన్ని నేను పుస్తకంలో చదవకముందే వీధిలో చూశాను.

ఒక ఎన్నికలో సాయంత్రం పూట ఒకే వీధిలో ఇరవై రెండు ఇళ్లు తిరిగాను. మా అభ్యర్థి అక్కడివాళ్లకు బాగా తెలిసిన మనిషే. మొదటి ఇంట్లో పెద్దావిడ గుమ్మం దగ్గరే నిలబడి కరపత్రం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని ఫొటో చూసి, "మంచోడే బాబూ, కానీ గెలవడుగా" అంది. రెండో ఇంట్లో కుర్రాడు ఫోన్ పక్కన పెట్టి అదే మాట అన్నాడు. నాలుగో ఇంట్లో, ఏడో ఇంట్లో, చివరి ఇంట్లో కూడా అదే. ఆ రాత్రి నా నోట్‌బుక్‌లో చూసుకుంటే పదమూడు ఇళ్ల పక్కన "మంచోడే, గెలవడు" అని రాసుకుని ఉంది. పదమూడు ఇళ్లంటే ఆ వీధిలో సగానికి పైగా. ఒక్కో ఇల్లూ మిగతా ఇళ్లవాళ్లు వేయరని నమ్మి తను వేయడం మానేసింది. కౌంటింగ్ రోజు ఆ బూత్‌లో మాకు వచ్చినవి పందొమ్మిది ఓట్లు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందుకే "గెలవడు" అన్న మాట వినగానే ఇది తెలిసి చెప్తున్నారా, లేక అందరూ అంటున్నారని అంటున్నారా అని నేను మొదట ఆలోచిస్తాను.

కానీ మీకు ఒక వైపే చెప్తే మోసం చేసినట్టవుతుంది. మూడో అభ్యర్థికి వేసిన ఓట్లు నిజంగా దేశాల దిశను మార్చిన సందర్భాలున్నాయి, అదీ వేసినవాళ్లు ఏమాత్రం కోరుకోని దిశకు. 2000 అమెరికా అధ్యక్ష ఎన్నిక ఫ్లోరిడా రాష్ట్రం దగ్గర ఆగిపోయింది. దాదాపు 60 లక్షల ఓట్లు పోలైన చోట జార్జ్ బుష్‌కు వచ్చిన ఆధిక్యం 537. గ్రీన్ పార్టీ తరఫున నిలబడ్డ రాల్ఫ్ నేడర్‌కు అక్కడ 97 వేలకు పైగా పడ్డాయి. నేడర్‌కు వేసినవాళ్లందరూ ఆయన లేకపోతే బుష్ ప్రధాన ప్రత్యర్థి అల్ గోర్‌కే వేసేవాళ్లని అనలేం. కొందరు బుష్‌కు వేసేవాళ్లు, కొందరు ఇంట్లో కూర్చునేవాళ్లు, పైగా అక్కడ పోటీ చేసిన మిగతా చిన్న అభ్యర్థుల్లో ప్రతి ఒక్కరికీ 537 కంటే ఎక్కువే వచ్చాయి. అయినా ఆ 97 వేల మందిలో కొంచెం మొగ్గు గోర్ వైపు ఉన్నా ఫలితం తారుమారయ్యేది. రెండేళ్ల తర్వాత 2002లో ఫ్రాన్స్‌లో ఇంకో రకంగా జరిగింది. అక్కడ రెండు విడతల ఓటింగ్, మొదటి విడతలో మనసుకు నచ్చినవాళ్లకు వేసి రెండో విడతలో అసలు నిర్ణయం తీసుకోవచ్చని వామపక్ష ఓటర్లు అరడజను మంది చిన్న అభ్యర్థుల మధ్య చీలిపోయారు. ఫలితంగా వామపక్షాల ప్రధాన అభ్యర్థి, ప్రధాని జోస్పాన్ 2 లక్షల లోపు ఓట్ల తేడాతో మూడో స్థానానికి పడిపోయి, రెండో విడతకు తీవ్ర మితవాది ల పెన్ వెళ్లాడు. చివరికి ఆ వామపక్ష ఓటర్లే బారులు తీరి, తాము ఏనాడూ ఇష్టపడని మితవాద అధ్యక్షుడు షిరాక్‌కు ఓటు వేసి వచ్చారు.

నా సొంత అనుభవం కూడా చెప్పాలి. ఒకసారి మా దగ్గర పోటీ చాలా బిగువుగా ఉందని తెలిసీ, ఆ ఇద్దరిలో ఒకరు గెలిస్తే నష్టం ఎక్కువని తెలిసీ, కోపంతో మూడో అభ్యర్థికి వేశాను. నేను భయపడ్డ మనిషే కొన్ని వందల ఓట్లతో గెలిచాడు. నా ఒక్క ఓటుతో అది ఆగేది కాదు. కానీ నాలాగే ఆలోచించినవాళ్లు ఆ కొన్ని వందల కంటే ఎక్కువమందే ఉన్నారు, అందులో నేను స్వయంగా ఒప్పించినవాళ్లున్నారు. ఆ ఐదేళ్లూ ఏం జరిగినా నాకు ఆ రోజే గుర్తొచ్చేది. అప్పటి నుంచి నాకు నేను ఒక మాట పెట్టుకున్నాను: పోటీ నువ్వా నేనా అన్నట్టు ఉన్నప్పుడు, ఆ ఇద్దరి మధ్య తేడా నాకు నిజంగా పెద్దదని అనిపిస్తే, నా కోపాన్ని పక్కన పెట్టి ఇద్దరిలో తక్కువ నష్టం చేసేవాళ్లకే వేస్తాను. మూడో అభ్యర్థికి చేయాల్సిన సాయం పోలింగ్ రోజు కాకుండా మిగతా రోజుల్లో చేస్తాను. ఈ విషయంలో చాలామంది మిత్రులు నాతో ఒప్పుకోరు. "ఇలాగే అనుకుంటూ పోతే మూడోవాడు ఎప్పటికి పెరుగుతాడు?" అంటారు. వాళ్ల ప్రశ్న తప్పు కాదు, నా దగ్గర దానికి పూర్తి జవాబు కూడా లేదు. నా అనుభవం నన్ను అక్కడ నిలబెట్టింది, అంతే.

అందుకే మీ 26 వేల తేడా నాకు అంత ముఖ్యంగా కనిపించింది. ఫలితం దాదాపు తేలిపోయిన చోట మీ ఓటుతో మీరు భయపడేదేమీ జరగదు, అక్కడ మనసులో మాట చెప్పడానికి పూర్తి స్వేచ్ఛ ఉంది. ఒక్క జాగ్రత్త. కిందటిసారి లెక్క కిందటిసారిదే. సిట్టింగ్ అభ్యర్థి మారారా, పొత్తులు మారాయా, నియోజకవర్గం హద్దులు మారాయా చూసుకోండి. రెండు పార్టీలు ఈసారి చేతులు కలిపినా, కలిసున్నవి విడిపోయినా 26 వేలు ఒక్క రోజులో కరిగిపోతుంది.

ఇప్పుడు అసలు ఆసక్తికరమైన విషయానికి వస్తాను. చిన్న పార్టీకి ఎన్ని ఓట్లు వచ్చాయన్నది సగం కథే, అవి ఎక్కడ వచ్చాయన్నది మిగతా సగం. 2024 బ్రిటన్ ఎన్నికల్లో రిఫార్మ్ యూకే పార్టీకి 14 శాతానికి పైగా ఓట్లొస్తే సీట్లు 5. అంతకంటే తక్కువగా, 12 శాతం చిల్లర వచ్చిన లిబరల్ డెమొక్రాట్లకు 72 సీట్లు. ఒకరి ఓట్లు ఊరూరా పలచగా పరుచుకున్నాయి, ఇంకొకరు గెలవగల చోట్లే ఎంచుకుని అక్కడే ఏళ్ల తరబడి పాతుకుపోయారు. మన దేశంలో 2014 లోక్‌సభ ఎన్నికల్లో బీఎస్పీకి 2 కోట్లకు పైగా ఓట్లు పడ్డాయి, ఓట్ల లెక్కలో దేశంలోనే మూడో స్థానం, గెలిచిన సీట్లు మాత్రం సున్నా.

దీనికి ఎదురుగా నాకెప్పుడూ గుర్తొచ్చేది ఇంగ్లండ్‌లోని బ్రైటన్. అక్కడ గ్రీన్ పార్టీ 1996లో నగర కౌన్సిల్‌లో ఒక్క సీటుతో మొదలుపెట్టింది. వార్డు తర్వాత వార్డు కలుపుకుంటూ వచ్చింది. 2005 పార్లమెంటు ఎన్నికలో బ్రైటన్ పెవిలియన్ స్థానంలో ఆ పార్టీది మూడో స్థానమే, దాదాపు 22 శాతం ఓట్లు. ఆ రోజు వేసినవాళ్లను కూడా చాలామంది "ఓటు మురిగిపోయింది" అనే ఉంటారు. కానీ ఆ 22 శాతాన్ని చూశాకే మిగతావాళ్లకు ఇది జరిగే పనే అన్న ధైర్యం వచ్చింది. 2010లో కెరొలిన్ లూకస్ అక్కడ 31 శాతం ఓట్లతో, 1,252 ఆధిక్యంతో గెలిచి ఆ దేశపు మొదటి గ్రీన్ ఎంపీ అయ్యారు. ఆ వీధిలో నాకు "గెలవడుగా" అన్న పదమూడు ఇళ్లకు చూపించాల్సిన కాగితం ఇదే: కిందటిసారి వచ్చిన ఓట్ల లెక్క. మీ లాయర్ గారి పార్టీకి 8 శాతం వచ్చిందంటే అది ఇప్పుడు వీధిలో పట్టుకు తిరగగల కాగితం. ఈసారి అది 14 అయితే వచ్చేసారి "గెలవడు" అనేవాళ్ల గొంతు తగ్గుతుంది. మళ్లీ 8 దగ్గరే ఉంటే లేదా 5కి పడిపోతే, అప్పుడు మీరు ఇంకోలా ఆలోచించాలి.

ఓట్ల శాతానికి చట్టపరమైన విలువ కూడా ఉంటుంది, దాన్ని జనం పట్టించుకోరు. మన దేశంలో పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ గల్లంతే, బ్రిటన్‌లో ఆ గీత 5 శాతం. అమెరికాలో ఒక పార్టీ అధ్యక్ష అభ్యర్థికి 5 శాతం దాటితే తర్వాతి ఎన్నికకు ప్రభుత్వ నిధులు అందే వీలుంది. చిన్న పార్టీకి ఆ గీత దాటడమంటే మళ్లీ పోటీకి నిలబడే ఓపిక రావడం.

గెలవకుండానే పని జరగడం కూడా ఉంది. 1992లో అమెరికాలో రాస్ పెరో అనే వ్యాపారవేత్త టీవీలో అరగంట సమయం కొనుక్కుని, చేత్తో చార్టులు చూపిస్తూ ప్రభుత్వ బడ్జెట్ లోటు గురించి పాఠం చెప్పినట్టు చెప్పాడు. దాదాపు 19 శాతం మంది ఆయనకు వేశారు. అయినా అధ్యక్షుణ్ని ఎన్నుకునే రాష్ట్రాల ప్రతినిధుల్లో (ఎలక్టర్లు) ఒక్కరూ ఆయనకు రాలేదు. కానీ తర్వాత రెండు పెద్ద పార్టీలూ లోటు గురించి మాట్లాడకుండా ఉండలేకపోయాయి, ఆ 19 శాతాన్ని తమవైపు తిప్పుకోవాలి కదా. కెనడాలో ప్రజలందరికీ వర్తించే వైద్య బీమా మొదట సస్కాచెవాన్ అనే రాష్ట్రంలో 1962లో వచ్చింది, తెచ్చింది దేశం మొత్తం మీద ఎన్నడూ అధికారంలోకి రాని పార్టీ. నాలుగేళ్లకు ఢిల్లీ లాంటి వాళ్ల రాజధాని ఒట్టావాలో లిబరల్ పార్టీ మైనారిటీ ప్రభుత్వమే దానికి దేశమంతటికీ చట్టం చేసింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ న్యూజిలాండ్. 1981లో సోషల్ క్రెడిట్ అనే మూడో పార్టీకి 20 శాతానికి పైగా ఓట్లొచ్చాయి, అంటే ఐదుగురిలో ఒకరు. పార్లమెంటులో ఉన్న 92 సీట్లలో దానికి వచ్చినవి రెండు. 1984లో ఇంకో కొత్త పార్టీకి 12 శాతం వస్తే ఒక్క సీటూ రాలేదు. ఈ అంకెలు కళ్ల ముందే ఉన్నాయి కాబట్టి, పద్ధతిలోనే లోపముందన్న వాదనకు బలం వచ్చింది. విచారణ సంఘం వేశారు, 1993లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు, 1996 నుంచి ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లు వచ్చే పద్ధతి మొదలైంది. ఆ 1981 ఓటర్లకు తమ పార్టీ అధికారంలోకి రాలేదు, కానీ వాళ్లు వేసిన ఓట్లు రుజువుగా మిగిలాయి. వాళ్లంతా ఆ రోజు తెలివిగా ఆలోచించి రెండు పెద్ద పార్టీల మధ్యే సర్దుకుపోయి ఉంటే చూపించడానికి ఏ అంకే ఉండేది కాదు.

ఓటరు ఒకటి, రెండు, మూడు అని వరుస రాసే పద్ధతి ఉన్న ఆస్ట్రేలియా లాంటి చోట మీ ప్రశ్నే పుట్టదు, మొదటి అంకె నచ్చినవాళ్లకిచ్చి రెండోది జాగ్రత్త కోసం వాడుకోవచ్చు. మీకు ఆ సౌకర్యం లేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

నోటా గురించి కూడా అడిగారు. నేను వద్దంటాను. 2024లో ఇందోర్ లోక్‌సభ స్థానంలో నోటాకు 2 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, గెలిచిన అభ్యర్థి గెలుపుకు దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. నమ్మదగిన మనిషి బరిలో ఉన్నప్పుడు నోటా నొక్కితే ఆ మనిషి లెక్కలో ఒకటి తగ్గుతుంది, అంతకు మించి జరిగేదేమీ లేదు.

ఇక మనిషిని పరీక్షించడం. దీన్ని దాటేయకండి. చిన్న పార్టీ అన్నంత మాత్రాన మంచి పార్టీ కాదు, పెద్దవాళ్లను తిట్టినంత మాత్రాన నిజాయితీపరుడు కాదు. ఓట్లు చీల్చడానికే నిలబెట్టిన అభ్యర్థులుంటారు, ఖర్చు ఇంకెవరో పెడుతుంటారు. నేను రెండు నెలలు ఎండలో తిరిగి ప్రచారం చేసిన ఒకాయన ఫలితాలొచ్చిన మూడో వారంలో గెలిచిన పార్టీ కండువా కప్పుకున్నాడు. మాకు ఫోన్ చేసి చెప్పలేదు కూడా, ఫొటోలో చూసి తెలుసుకున్నాం. ఆ రోజు మా కుర్రాళ్లు ఆఫీసు తలుపు తాళం వేస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లలో చాలామంది మళ్లీ ఏ ప్రచారానికీ రాలేదు. అప్పటి నుంచి నేను అభ్యర్థి వాగ్దానాలు చదవడం మానేసి, గడిచిన మూడేళ్లలో ఆయన ఎక్కడున్నాడో కనుక్కుంటున్నాను. ఎన్నికలు లేని సంవత్సరంలో ఎవరి సమస్య పట్టుకుని ఎవరి గుమ్మం ముందు నిలబడ్డాడు? అఫిడవిట్‌లో ఆస్తులు, కేసులు ఏం రాశాడు? ఓడిపోతే మర్నాడు ఏం చేస్తారని మొహం మీదే అడుగుతాను. ఈ చివరి ప్రశ్నకు చాలామంది "మేం ఓడిపోం" అంటారు. అలా అన్నవాళ్ల మీద నాకు నమ్మకం తగ్గుతుంది. ఓడిపోతే ఫలానా వార్డుల్లో స్థానిక ఎన్నికలకు సిద్ధమవుతాం అని చెప్పినవాళ్లు ఇద్దరే తగిలారు, ఇద్దరూ ఇప్పటికీ పని చేస్తున్నారు.

స్థానిక ఎన్నికల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మూడో పార్టీని పెంచాలనుకుంటే అసెంబ్లీ, పార్లమెంటు కంటే ముందు వార్డు, పంచాయతీ స్థాయిలో వేయండి. అక్కడ కొన్ని వందల ఓట్లతో గెలవచ్చు, గెలిచినవాళ్లు పని చేస్తారో లేదో కళ్లతో చూడొచ్చు.

మీరు పోలింగ్‌కి ఇంకా మూడు వారాలుందని రాశారు. ఈ వారంలో లాయర్ గారిని కలిసి ఆ మూడు ప్రశ్నలూ అడగండి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఆయన అఫిడవిట్ ఉంటుంది, ప్రింట్ తీసుకుని నాన్నగారి చేతికివ్వండి, ఆ ఇద్దరు పెద్ద పార్టీల అభ్యర్థులవి కూడా కలిపి. వాదించకండి, ఆయన్నే చదవనివ్వండి. చివరి వారంలో గాలి మారి పోటీ హోరాహోరీ అయిందని మీకు గట్టిగా అనిపిస్తే అప్పుడు మళ్లీ ఆలోచించుకోండి, మనసు మార్చుకుంటే అందులో తప్పేమీ లేదు. లేదంటే లాయర్ గారికే వేయండి, వేసి ఊరుకోకుండా ఆయనకు కౌంటింగ్ ఏజెంట్లు సరిపడా ఉన్నారేమో కనుక్కోండి. చిన్న పార్టీలకు ఎప్పుడూ మనుషులు చాలరు. మీరు వెళ్లి కూర్చోండి, మీ బూత్‌లో ఎన్ని వచ్చాయో మీ చేత్తోనే రాసుకోండి.